ఊరందరికీ తెలిసిన జబ్బు

పొద్దున తొమ్మిదింటికి తొర్రూరులో కూతురు రజిత ఇంట్లో గట్టమ్మ చిక్కుడుకాయలకు నార తీస్తూ కూర్చుంది. పది గంటలకు సింగపూర్ దవాఖాన డాక్టరమ్మ వీడియోలో మాట్లాడుతుందని రజిత ముందే చెప్పింది. ఏమడిగినా తానే జవాబిస్తానని, తల్లి ఊరికే కూర్చుంటే చాలని కూడా చెప్పింది.

రజిత బడిలో సైన్సు టీచరు. రెండు నెలల కిందట హైదరాబాద్‌లో పరీక్షలు చేయిస్తే తల్లికి పెద్దపేగు క్యాన్సర్ అని, అది కాలేయానికి పాకిందని తేలింది. ఆ మాట తల్లి చెవిన పడకూడదని ఆమే పట్టుబట్టింది. తెలిస్తే ఆ భయానికే మనిషి పోతుందని ఆమె నమ్మకం. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే తమ్ముడు మహేశ్ వచ్చినా, చుట్టాలు చూడవచ్చినా, గుమ్మం దగ్గరే ఆపి, తల్లి ముందు ఏమనాలో ఒకే పాఠం చెప్పేది: కడుపుల పుండు, మందులతో తగ్గుతుంది. చెప్పీ చెప్పీ ఆ అబద్ధాన్ని కొన్నిసార్లు తానే నమ్మింది. నమ్మిన పూట అన్నం సయించేది.

పది గంటలకు తల్లికి చెరోపక్క రజిత, మహేశ్ కూర్చున్నాక, తెర మీద నెరిసిన జుట్టు డాక్టరమ్మ, ఆమె మాటలను తెలుగులో చెప్పే దుబాసీ కనిపించారు. రజిత ఇంగ్లీషులో మొదలుపెట్టగానే డాక్టరమ్మ మర్యాదగా చేయెత్తి ఆపింది. ముందు అమ్మతో మాట్లాడాలంది.

"మీకేం జబ్బో మీకెవరైనా చెప్పారా అమ్మా?" దుబాసీ మెత్తని కోస్తా తెలుగులో అడిగింది.

"కడుపుల పుండు," అంది గట్టమ్మ.

డాక్టరమ్మ చూపు గట్టమ్మను దాటి రజిత మీద ఆగింది. తర్వాత ఆమె నెమ్మదిగా చాలాసేపు మాట్లాడింది. తన జబ్బేమిటో తెలియని మనిషికి అక్కడ వైద్యం మొదలుపెట్టరట. సంగతంతా అమ్మే వింటుందో, పిల్లలకు చెప్పమంటుందో, అది అమ్మ ఇష్టమట.

రజిత గట్టిగా తల్లి మోకాలు పట్టుకుంది. గట్టమ్మ ఆ చేతిని కాసేపు చూసింది.

"నాకే చెప్పుండ్రి."

చెప్పారు. క్యాన్సర్ అన్న మాట ఆ తెలుగులోనూ అదే. గట్టమ్మ రెప్ప వాల్చలేదు. రజితకు మాత్రం చెవులు మూసుకుపోయినట్టయింది. మలంలో రక్తం ఎన్నాళ్ళ నుంచి పడుతోందని డాక్టరమ్మ అడగడం ఎక్కడో దూరంగా వినిపించి, అలవాటుగా "రెండు నెలలు" అంది.

"కాదు," అంది గట్టమ్మ తెరవైపే చూస్తూ. "పోయిన బతుకమ్మ పండుగ ముందటి సంది."

దాదాపు ఏడాది. మహేశ్ లేచి నిలబడి, ఎటు పోవాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. కొత్త స్కానింగు పంపమని, నయమవుతుందని మాట ఇవ్వలేనని, అయినా అమ్మ వస్తానంటే చూస్తానని చెప్పి డాక్టరమ్మ సెలవు తీసుకుంది.

"ఎందుకు చెప్పలేదే అవ్వా?" రజిత గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అప్పుడే చూపిస్తే గిట్ల పాకకపోవు."

"చెప్తే బడి బంద్ వెట్టి నా ఎంబడి తిరుగుతవు. మంచిగనే ఉన్న అంటే నీ ముఖం మంచిగుంటుండె, బిడ్డా."

రజితకు అర్థమైంది. తానూ ఇన్నాళ్ళూ కాపాడింది తల్లిని కాదు, తల్లి ముఖాన్ని. ఆ ముఖం మారితే తన భయానికి దాక్కునే చోటు ఉండదని.

"ఊర్ల ఎవలెవలకు ఎర్కనే?" అని గట్టమ్మ అడిగింది.

"అందరికి," అంది రజిత.

గట్టమ్మ ఆలోచించింది. "రేగొండల మన పక్కింటి ముత్తమ్మ మొన్న నన్ను వట్టుకొని ఒక్కటే ఏడుసుడు. మొగడు కొట్టిండేమో అనుకొని నేనే ఊకోబెట్టి, చాయ తాపి పంపిన. నాకోసం ఏడుస్తుందని నాకేం ఎర్క."

మహేశ్ నవ్వబోయి, ఆ నవ్వు మధ్యలోనే చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కాసేపటికి, అంత దూరం వద్దనుకుంటే హైదరాబాద్‌లోనే చూపిద్దామన్నాడు.

"ఆడికే పోదాం," అంది గట్టమ్మ. "గిన్ని దవాఖాన్లు తిరిగినం. నన్నెవలన్న అడిగిండ్రా? ఆ డాక్టరమ్మ నన్నడిగింది."

రజిత ఆ దవాఖానను ఎంచుకున్నది అక్కడి యంత్రాల గురించి చదివి. అక్కడ రోగినే అడుగుతారన్న సంగతి ఏ కాగితంలోనూ రాసి లేదు.

"నాకు భయమైతుందవ్వా," అంది.

రెండు నెలల్లో తన గురించి తల్లితో చెప్పిన మొదటి నిజం అది. గట్టమ్మ ఊకోమనలేదు. కూతురి తలను ఒడిలోకి తీసుకుని, "నాకు గూడ అయితుంది, బిడ్డా," అంది. అప్పుడు గట్టమ్మ ఏడ్చింది.