రుత్విక్‌ని కదిలించిన పడవలు

పొద్దున్న గ్యాలరీ తలుపులు తీసినప్పటినుంచి పోటీలో రుత్విక్ చిత్రమే ముందుంది. పక్కనున్న తెరమీద అరవై. దేవాంశ్ చిత్రానికి నలభయ్యే. అయినా రుత్విక్‌కి మనసు కుదుటపడలేదు.

ఇద్దరూ ఒకే గురువు దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. రుత్విక్ విశాఖ పోర్టులో క్రేన్ల సాఫ్ట్‌వేర్ చూసుకుంటూ సెలవురోజుల్లో బొమ్మలేస్తాడు. దేవాంశ్‌కి అన్నీ సెలవురోజులే. ఆ సంగతి తలుచుకుంటేనే రుత్విక్‌కి ఒళ్ళు మండుతుంది. పైగా ఈరోజు గెలిచిన చిత్రం తీరం వెంబడి నడిచే కొత్త సముద్రరైలు స్టేషన్ గోడ ఎక్కుతుంది. ఆ గోడకోసం రుత్విక్ ఏళ్ళతరబడి కలలు కంటున్నాడు.

జడ్జీలు ఎవరూ లేరు. వాళ్ళు తమవాళ్ళకే బహుమతులిచ్చుకుంటున్నారని గోల లేచాక డాక్టర్ హన్విక స్పందన మీటరు కనిపెట్టింది. చిత్రం ఫ్రేములో దాగిన సెన్సర్లు చూసేవాడి నాడి వేగాన్ని, కంటిపాప విచ్చుకోవడాన్ని, చర్మం వేడిని దూరంనుంచే పసిగడతాయి. లోపల ఎంత కదిలాడో తెరమీద అంకెగా చూపిస్తాయి. ఎంతమంది చూశారన్నది లెక్కలోకి రాదు. ఏ ఒక్కరిని అందరికంటే ఎక్కువ కదిలించిందో ఆ అంకే మిగులుతుంది.

రుత్విక్ వేసిన ‘వానలో పోర్టు రోడ్డు’ చిత్రం చూసి ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ అరవై ఆవిడదే. దేవాంశ్ కూడా దాని ముందు నిలబడి, "ఎంత హాయిగా ఉందిరా!" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. రుత్విక్‌కి మాత్రం అది వెక్కిరింతలా వినిపించింది.

"ఇక ఇంటికి పోదామా?" అంది భార్య సాన్వి.

"ఉండు. దేవాంశ్ వేసిన పడవల్లో ఏదో తప్పుంది."

గురువు నేర్పినట్టు ఒక కన్ను మూసి, బొటనవేలు చాచి, రుత్విక్ ఆ చిత్రంలోని తెల్లవారుజాము పడవల నీడలు కొలిచాడు. తప్పు దొరకలేదు. దగ్గరికెళ్ళాడు, వెనక్కొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ఆ నీలం! తనకి ఈ జన్మలో రాని నీలం! వీడికెలా వచ్చింది?

జనం చప్పట్లు కొట్టారు. పడవల పక్కనున్న తెరమీద తొంభై ఏడు.

రుత్విక్ పరుగున హన్విక దగ్గరికి వెళ్ళాడు.

"మేడమ్, మీ మీటరు పొరబడింది. నాకా చిత్రం నచ్చలేదు."

"నచ్చడం, నచ్చకపోవడం దానికి తెలీదండీ. ఎంత కదిలారన్నదే తెలుసు. సంతోషమైనా, కోపమైనా దానికొకటే."

"మరి... అసూయ?"

ఆమెకి విషయం అర్థమైంది.

"అదైతే ఇంకా బాగా అందుతుంది. తొందరగా చల్లారదు కదా."

రుత్విక్ తల దించుకున్నాడు. ఆమెకి జాలేసింది. "నిరాశపడకండి. స్టేషన్లోనూ మీటరు ఉంటుంది. చిత్రం అక్కడ ఎవరినీ అరవైకి మించి కదిలించకపోతే దించేసి, రెండోస్థానంలో ఉన్న మీదే పెడతాం."

సాయంత్రం బీచ్ రోడ్డమ్మట భార్యాభర్తలిద్దరూ నడుచుకుంటూ ఇంటికి బయలుదేరారు. సాన్వి అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెయ్యాల్సిందల్లా ఆ పడవలు చూసి ఏమీ అనుకోకపోవడమే. అంత కష్టమా?"

"కష్టమేం లేదు," అన్నాడు రుత్విక్. నిజంగానే అలా అనుకున్నాడు. సముద్రం గాలికి మనసు తేలికపడింది. దేవాంశ్ మాత్రం రాత్రింబవళ్ళు కష్టపడలేదా, పోనీలే అనిపించింది.

దారిలోనే స్టేషన్. అప్పుడే చిత్రాన్ని గోడకి బిగిస్తున్నారు. తెరమీద అంకె సున్నా. రుత్విక్ నేలచూపులు చూస్తూ దాదాపు దాటేశాడు.

"ఆ నీలం చూడరా, ప్రాణం లేచొచ్చింది!" అన్నాడు నిచ్చెనమీది మనిషి కిందనున్నవాడితో.

రుత్విక్ తలెత్తాడు. దీపాల వెలుగులో ఆ నీలం గ్యాలరీలోకంటే బాగుంది.

అంకె గిర్రున తిరిగి తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. నిచ్చెనమీది మనిషి అబ్బురంగా కిందికి చూశాడు.

"మీలాంటి రసికులు చాలు సార్, ఇది ఎప్పటికీ దిగదు! రోజూ ఇటే వస్తారా?"

సాన్వే నిట్టూర్చి చెప్పింది.

"రోజూ ఇటేనండీ. పోర్టుకి ఈ రైలే కదా మరి."