లాగొద్దు, పట్టుకోండి

మా ఇనపగనుల ఊరు కిరందుల్ వాన సంగతి బయటివాళ్లకి చెబితే నమ్మరు. ఓసారి జోరువానలో గొడుగు విప్పిన పెద్దమనిషి గొడుగుతో సహా లేచి పక్క ఊరు బచేలీలో దిగాడట. ఒక చెప్పు ఇక్కడే దొరికింది కాబట్టి నమ్మక తప్పదు.

అలాంటి వానలో, ఇనపరాతి మట్టితో కాలవలు ఎర్రగా పారుతుంటే, రైల్వే పాయింట్స్‌మన్ శామ్యూల్ మేనకోడల్ని వీపున వేసుకుని వ్యాయామాల సెంటర్‌కి వచ్చాడు. ఆరేళ్ల అమ్ముకి సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు బిగుసుకుపోయి మడమలు నేలకి ఆనవు. తల్లి లేదు. మావయ్య వీపే దానికి రథం.

"దింపండి," అంది ఫిజియోథెరపిస్ట్ కరుణశ్రీ, నమస్కారం కూడా లేకుండా.

"నేల తడిగా ఉందండి."

"అయితే? పిల్లకి నేలంటే ఏంటో తెలియనివ్వరా? మీ వీపేమన్నా గూడ్సు బండా?"

శామ్యూల్‌కి ఒళ్లు మండింది. ఆ కాటుక కళ్లు చూసి వెంటనే చల్లారింది కూడా, అది వేరే సంగతి.

ఆమె అమ్ము పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. "లాగొద్దు. ఇలా పట్టుకుని ఉండండి. కండ తనంతట తానే ఒప్పుకుంటుంది. రోజూ చెయ్యాలి."

పిల్ల ఏడ్చింది. "ఇంకాస్తే, ఇంకాస్తే," అంటూ ఆమె వదల్లేదు.

ఇంట్లో శామ్యూల్ కూడా పట్టుకున్నాడు. "మావా!" అని అమ్ము కెవ్వుమనగానే వదిలేశాడు. కొండంత గూడ్సుని చిన్న జెండాతో ఆపే మొనగాడు చిటికెడు పాదం ముందు ఓడిపోయాడు. సెంటర్లో మాత్రం, "రోజూ చేస్తన్నానండి," అనేవాడు.

వానాకాలం సగమయ్యేసరికి మడమలు ఇంకా పైకి లేచాయి.

"అబద్ధం మీరు చెప్పారు, మడమ చెప్పలేదు," అంది కరుణశ్రీ. "ఇలాగే వదిలేస్తే అమ్ము ఎప్పటికీ నిలబడదు. తెలుసా?"

"ఏడుస్తందండి. నా సేతులాడట్లేదు. మీకేటండీ, మీరు గట్టి మనిషి."

ఆమె లేచి వెనక వరండాలోకి వెళ్లిపోయింది. తప్పయిందని చెబుదామని వెళ్లిన శామ్యూల్‌కి, చూరు నీళ్ల కింద మొహం పెట్టి నిలబడ్డ మనిషి కనిపించింది. వాననీళ్లకి వెక్కిళ్లు రావు కదా.

"రోజూనా?" అన్నాడు.

"ప్రతి పిల్లకీ."

ఆ సాయంత్రం నుంచి శామ్యూల్ వదల్లేదు. అమ్ము ఏడ్చింది, మావయ్యా ఏడ్చాడు. చావు కబురేమో అనుకుని క్వార్టర్లన్నీ పరుగెత్తుకొచ్చాయి.

దసరా ముందు కరుణశ్రీకి అడవి అవతలున్న బీజాపూర్‌కి బదిలీ అయింది. ఆమె చోట ఇంకెవరూ రాలేదు. సెంటర్‌కి తాళం పడింది.

బస్సు దగ్గర వాన. శామ్యూల్ అమ్ముని కిందికి దింపాడు. మావయ్య ప్యాంటు పట్టుకుని నిలబడింది. ఒక మడమ బురదకి ఆనింది. రెండోది ఇంకా బెట్టు చేస్తోంది.

కిటికీలోంచి కరుణశ్రీ పిల్ల కోసం చెయ్యి చాపింది. అందుకున్నది శామ్యూల్.

"ఏంటిది? వదలండి. హారన్ కొడుతున్నాడు."

"లాగట్లేదండి. పట్టుకున్నానంతే. ఒప్పుకునేదాకా."

"జనం చూస్తున్నారు."

"సూడనీండి. ఆదివారాలు బీజాపూర్ వస్తాం. దాని కాళ్ల కోసం. నా కోసం కూడాను."

ఆమె చెయ్యి కాసేపు బిగుసుకునే ఉంది. తర్వాత మెల్లగా, తనంతట తానే, వదులై అతని చేతిలో ఒదిగింది. కన్నీళ్లు దాచుకోవడానికి ఈసారి చూరు లేదు, చాటూ లేదు.

కింద నుంచి అమ్ము తలెత్తి చూసింది.

"ఇంకాస్తే అక్కా," అంది. "ఇంకాస్తే."