ఆఖరి ఊపిరి ఎవరిది?

మా బావ మంచివాడే, బంగారం మాట ఎవరూ ఎత్తనంతవరకు. ఎత్తారంటే ఇక మా అక్క కూడా ఆయన కంటికి ఆనదు. అందుకే ఈసారి ఆయన బంగారం తవ్వడానికి బయలుదేరుతుంటే అక్క నన్ను వెంట పంపింది. "బంగారం తెచ్చినా తేకపోయినా ఆయన్ని మాత్రం ప్రాణాలతో తీసుకురారా," అంది. అప్పటికి ఆమెకు నెలలు నిండుతున్నాయి. తెస్తానని మాటిచ్చాను.

మేం వెళ్ళింది చుక్క నీరు లేని ఎర్రమట్టి నేల. వాగుల దగ్గరైతే మట్టిని కడిగి బంగారం తీస్తారు. ఇక్కడ తాగే నీళ్ళే డబ్బాల్లో మోసుకెళ్ళాలి, ఇక కడగడానికెక్కడివి? మట్టి తవ్వి, జల్లించి, ధాన్యం తూర్పారబట్టినట్టు గాలికి వదులుతాం. తేలిక మట్టి ఎగిరిపోగా పళ్ళెంలో చారెడు నల్లటి ఇసుక మిగులుతుంది. దాన్ని నోటితో ఊదాలి. ఆ ఊదడానికి ఇక్కడ తవ్వేవాళ్ళు పెట్టుకున్న పేరు ఆఖరి ఊపిరి. అది ఎవరిదైతే బంగారం వాళ్ళది. గుంట ఎవరు తవ్వారని ఎవరూ అడగరు. అందుకే ఊదే ముందు పక్కవాణ్ణి దూరం జరగమంటారు, సొంత తమ్ముడైనా సరే.

బావ ఒక పాత గుంట పట్టాడు. ఎవరో సగం తవ్వినది, ఒక పక్క కూలిపోయి ఉంది.

"ఇది తవ్వినవాడు ఏమయ్యాడంటావు బావా?"

"మేడ కట్టుకుని కాలుమీద కాలేసుకుని కూర్చునుంటాడు," అని కన్నుగీటాడు.

కూలిన మట్టిలోంచి ముందు చెప్పు బయటపడింది. తర్వాత ఆ చెప్పులో ఉన్న ఎముకలు. బావ వాటిని పారతో పక్కకు నెట్టేసి, అదే మట్టిని జల్లెడలో పోశాడు. పైకి వెళ్ళిపోదామంటే వినిపించుకోలేదు.

సాయంత్రానికి గాలి పూర్తిగా పడిపోయింది. ఎగిరిన దుమ్ము ఎగిరినట్టే గుంటలో వేలాడుతోంది. ఎక్కడినుంచో పాచినోటి వాసన. మా ఇద్దరిదీ కాదు. పళ్ళెంలో నల్లటి ఇసుక మధ్య శనగగింజంత పసుపు మెరిసింది. బావ ఊదబోయాడు. పెదాలు పగిలి, నోట్లో తడి ఆరిపోయి, దగ్గు తప్ప ఏమీ రాలేదు.

"నేను ఊదనా?" అన్నాను.

"దూరం జరుగు! తేరగా కొట్టేద్దామనా?"

మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ దగ్గే. విసుగొచ్చి ఎముకల వైపు చూసి నవ్వాడు. "ఏమయ్యా చెప్పులాయనా, ఖాళీగానే ఉన్నావుగా. ఆ ఆఖరి ఊపిరేదో నువ్వే ఇవ్వరాదూ!"

నాకూ నవ్వొచ్చింది.

హూ...

పళ్ళెంలో ఇసుక లేచింది. నా చొక్కా అంచు కూడా కదల్లేదు. హూ... మళ్ళీ. చాలా నెమ్మదిగా, చెయ్యి తిరిగినవాడి ఊపిరిలా. పళ్ళెంలో బంగారం ఒక్కటే మిగిలింది.

"బావా," అని గుసగుసగా అన్నాను, "అది ఆయనది. అక్కడే వదిలెయ్. పోదాం పద."

బావ కళ్ళు నామీదికి తిరిగాయి. "ఊదింది నువ్వు."

పార నా చేతిమీద పడింది. రెండు వేళ్ళు పటుక్కున విరిగాయి. రెండో దెబ్బ దవడమీద. నోటినిండా రక్తం, రక్తంలో పళ్ళు. కిందపడ్డ నన్ను తన్నుతూనే ఉన్నాడు. అక్క మొగుడన్న గౌరవం మర్చిపోయి రాయి తీసి మోకాలిమీద కొట్టాను. కూలబడ్డాడు. పడుతూనే బంగారం నోట్లో వేసుకుని పెదాలు బిగించాడు.

పెదాలు విడిపోసాగాయి. ఆయన విప్పడం లేదు... ఎవరో లోపలికి వేళ్ళు పెట్టి లాగుతున్నట్టు. కుడి బుగ్గ చెవిదాకా చిరిగింది. బావ అరవబోయాడు. ఆ నోట్లోకి మట్టి... గుప్పెడు తర్వాత గుప్పెడు... కూరుకుపోతోంది. కాళ్ళు తన్నుకున్నాయి. ఆగిపోయాయి.

అక్కకిచ్చిన మాట గుర్తొచ్చింది. పాక్కుంటూ వెళ్ళి, బాగున్న చేత్తో ఆయన నోట్లో మట్టంతా తోడాను. బంగారం లేదు. చిరిగిన బుగ్గ అరచేత్తో మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాను. కదల్లేదు. ఏడుస్తూ మళ్ళీ ఊదాను. లాభం లేదు.

ఊపిరి కూడదీసుకుందామని తల ఎత్తాను. నా చెవి పక్కనే పాచినోటి వాసన...

హూ...

నేను వంగనే లేదు. బావ ఛాతీ నిండుగా పైకి లేచింది. కళ్ళు తెరిచాడు.

ఇంటికొచ్చేదాకా ఆయన మంచినీళ్ళు ముట్టలేదు. అక్క మాత్రం బుగ్గమీద కుట్లు తడిమి తడిమి చూసుకుని, నన్ను పట్టుకుని ఏడ్చింది. "మాట నిలబెట్టుకున్నావురా," అంది. అవునో కాదో నాకే తెలియలేదు.

నిన్న పొద్దున నా గదికొచ్చింది. బావకి వినబడకుండా తలుపు దగ్గరగా వేసింది.

"తమ్ముడూ, చల్లగా తగిలితే మెలకువొచ్చిందిరా. మీ బావ నా పొట్టమీదికి వంగి ఊదుతున్నాడు. పుట్టబోయే బిడ్డమీద ముద్దేమో అనుకున్నా." నవ్వబోయి ఆగింది. "అలాగే ఊదుతున్నాడురా... మధ్యలో ఒక్కసారి కూడా గాలి పీల్చలేదు. పేరు పెట్టి పిలిచాను. తల ఎత్తకుండానే, దూరం జరగమన్నాడు."