శ్రీరమ్య ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంది

జ్యోతిర్మయికి ముప్ఫయ్యారేళ్లు. అన్నం నిలబడి తింటుంది. ఇంట్లో అందరికీ వడ్డించి, వంటగట్టు దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగి బస్సుకి పరిగెత్తడం అలవాటైపోయి, కాలేజీలో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా క్యారియరు కిటికీలో పెట్టుకుని నిలబడే తినేది. కూర్చోండి మేడం అని పిల్లలంటే, కూర్చుంటే ముద్ద దిగదని చెప్పేది.

గుంటూరు నుంచి పర్చూరు పోయే దారిలో, పత్తి చేలూ మిరప చేలూ దాటాక ఉండేది ఆ ఆడపిల్లల కాలేజీ. ఇంటరూ డిగ్రీ ఒకే ఆవరణలో. జ్యోతిర్మయి అక్కడ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేది. రెండు వేల ఎనిమిది దసరా సెలవులయ్యాక కాలేజీకి ఎల్.ఎం.ఎస్. అనే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. కంటికి కనపడని ఆ వస్తువుకి కరస్పాండెంటు సంజీవరావు గారు కొబ్బరికాయ కొట్టించారు.

పాఠాలూ, లెక్చరర్ల వీడియోలూ, పరీక్షలూ అన్నీ అందులో ఉంటాయి. అమ్మాయి ఎక్కడున్నా తన పేరుతో లాగిన్ అయి చదువుకోవచ్చు, అక్కడే పరీక్ష రాయొచ్చు, అర్థంకానిది అడగొచ్చు. ఎవరు ఏ పాఠం తెరిచారో, ఎంతసేపు చదివారో అది గుర్తుపెట్టుకుంటుంది. మిరపకోతల కాలంలో సగం క్లాసు చేలల్లోనే ఉంటుంది గనక, పిల్లలు కాలేజీకి రాలేకపోతే ఇకమీదట కాలేజీయే పిల్లల దగ్గరికి పోతుందని సంజీవరావు గారు మీటింగులో చెప్పారు.

మాట మంచిదే. కాకపోతే ఇంట్లో కంప్యూటరున్న అమ్మాయికి మిరపకోత ఉండదు. మిరపకోత ఉన్న అమ్మాయికి కంప్యూటరుండదు. ఊళ్లో ఇంటర్నెట్ సెంటరుంటుంది గానీ, తెరలు కట్టిన ఆ గదుల్లోకి మగపిల్లలు పోతే చదువు, ఆడపిల్ల పోతే పరువు. ఈ సంగతి సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లకి తెలియదు. కొన్నవాళ్లకి అక్కర్లేదు.

దాన్ని నిజంగా వాడుకున్నది శ్రీరమ్య ఒక్కతే. డిగ్రీ రెండో సంవత్సరం. మధ్యాహ్నం అందరూ బాక్సులు తెరిస్తే ఆ పిల్ల ల్యాబులో కిటికీ పక్క మిషన్ ముందు కూర్చునేది. కాయలు కోసిన చేతులు మండకుండా ఆముదం రాసుకుని వచ్చేది. ఆ కీబోర్డంతా జిడ్డు. వేళ్లు ఊదుకుంటూ టైపు చేసేది. అందులో సందేహాలడిగే చోట స్టాటిస్టిక్స్‌లో ఒక సందేహం రాసింది. ఒక్క లెక్చరరూ జవాబివ్వలేదు. మూడోసారి కూడా అదే ప్రశ్న, మరికాస్త మర్యాదగా రాసి పెట్టింది.

సంక్రాంతి దాటి కోతలు ముమ్మరమయ్యాక శ్రీరమ్య కూడా రావడం మానేసింది. అదే సమయానికి, ఆ ఎండాకాలంలో కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తుందని కబురొచ్చింది. పిల్లలు ఎల్.ఎం.ఎస్. ఎంత వాడుతున్నారో కమిటీవాళ్లు కంప్యూటర్లోనే చూస్తారు. సంజీవరావు గారు జ్యోతిర్మయిని పిలిచి, పాస్‌వర్డు అందరికీ ఒకటే కదమ్మా, రోజుకి కొంతమంది చొప్పున వాళ్ల పేర్లతో నువ్వే లాగిన్ అయి పాఠాలు తిప్పెయ్యమన్నారు. అప్పటికి పగలంతా కరెంటు కోత మొదలైంది. సాయంత్రం దీపాలవేళకి కరెంటొచ్చేది. ఆ వేళకి పిల్లలందరూ వెళ్లిపోయిన ల్యాబులో జ్యోతిర్మయి ఒక్కతే కూర్చుని, కాసేపు జమీలా అయ్యేది, కాసేపు మాబూబీ అయ్యేది, కాసేపు శ్రీరమ్య అయ్యేది. పాఠం చాలా బాగుంది సార్ అని వాళ్ల తరఫున రాసేది. తప్పని ఆమెకి తోచలేదు. ఎవరికి నష్టం?

ఫిబ్రవరిలో శ్రీరమ్య చనిపోయింది. కడుపునొప్పి అన్నారు. ఈ చుట్టుపక్కల పెళ్లికాని పిల్లలు పోతే కడుపునొప్పే అంటారు. ఏ డాక్టరూ ఆ నొప్పి పేరు అడగడు.

పెద్దకర్మ అయిన తర్వాత ఆ పిల్ల తల్లి వెంకటేశ్వరమ్మ కాలేజీకి వచ్చింది. చిన్నకూతురు మహతి అక్కడే ఇంటర్ మొదటి సంవత్సరం. దాని టీసీ ఇప్పించమని వచ్చింది. వాళ్లాయన చెంచయ్య చదువు చాలన్నాడు. ఏదో ఒక సంబంధం చూసి పంపించేస్తాడట.

ఆఫీసులో పని చెప్పుకున్నాక ఆమె ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. చెంగుతో మూతి కప్పుకుని, వినీ వినపడనట్టు అడిగింది.

"మేడం, మా పెద్దది ఆ సాయంత్రాలు ఎవరితో ఉండేదో మీకేమన్నా తెలుసా?"

జ్యోతిర్మయికి అర్థం కాలేదు. వెంకటేశ్వరమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది. రోజూ గేదెపాలు పిండాక శ్రీరమ్య క్యాను తీసుకుని పాలకేంద్రానికి పోయేదట. సరిగ్గా అది ఇంట్లో లేని వేళకి వాళ్లాయన ఫోనుకి ఇంగ్లీషులో మెసేజీ వచ్చేదట. ఆయనకి చదవడం రాదు. మహతి చదివి చెప్పేది: మీ అమ్మాయి శ్రీరమ్య ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంది. ఆన్‌లైన్ అంటే ఏందే అని అడిగితే, ఇంటర్నెట్లో ఉందని అర్థం నాన్నా అంది, పాపం దానికేం తెలుసు. పాలకేంద్రం పక్కనే ఇంటర్నెట్ సెంటరుంది. పాలు పోసి వచ్చానని శ్రీరమ్య చెప్పింది. ఆయన ఫోను చూపించాడు. మళ్లీ మర్నాడు వచ్చింది. మళ్లీ చూపించాడు. కొట్టాడు. ఒట్టు పెట్టింది. ఆ పై వారం మళ్లీ వచ్చింది...

జ్యోతిర్మయి కిటికీ చువ్వ పట్టుకుంది. పిల్లలు లాగిన్ అయితే తల్లిదండ్రులకి మెసేజీ వెళ్లే ఏర్పాటు ఒకటి ఆ సాఫ్ట్‌వేర్లో ఉంది. దాన్ని ఎవరు, ఎప్పుడు ఆన్ చేశారో ఆమెకి చెప్పలేదు. ఆ సాయంత్రాలు శ్రీరమ్య ఎవరితో ఉందో ఆమెకి ఇప్పుడు తెలుసు. శ్రీరమ్య పేరుతో, ఈ గదిలో, ఈ కుర్చీలో తనే ఉంది.

"నాకు తెలియదమ్మా," అంది.

వెంకటేశ్వరమ్మ తల ఊపి, రేపొచ్చి టీసీ తీసుకుంటానని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం జ్యోతిర్మయి వెళ్లిపోదామనే అనుకుంది. మిగిలిపోయిన పేర్లు ఉన్నాయని సంజీవరావు గారు బయటి నుంచే కేకేశారు. కరెంటొచ్చింది. ఒక్క మిషనే వేసుకుంది, తలుపు దగ్గరది. మిగతా మిషన్లన్నీ గుడ్డలు కప్పుకుని వరసగా ఉన్నాయి. కల్లాల మీదుగా వచ్చే గాలికి మిరప ఘాటు అలవాటే. ఆ కాలంలో ఈ ఊళ్లలో పసిపిల్లలు కూడా దగ్గుతూనే నిద్రపోతారు. కానీ ఆ రోజు కిటికీలు మూసి ఉన్నాయి. ఘాటు లోపలి నుంచి వస్తోంది.

జమీలా పేరుతో లాగిన్ అయింది. తెర కుడిపక్కన చిన్న పెట్టెలో, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరెవరున్నారో పేర్లు కనిపిస్తాయి. ఎప్పుడూ ఒక్క పేరే ఉండేది, తను వాడుతున్న పేరు. ఆ రోజు రెండున్నాయి.

రెండోది శ్రీరమ్య. పక్కన పచ్చచుక్క.

ఎవరో ఆఫీసులోంచి తెరిచారనుకుంది. ఆఫీసుకి తాళం వేసిన చప్పుడు ఇందాకే విన్నది. సంజీవరావు గారి కారు వెళ్లిన చప్పుడు కూడా... వెనక ఎవరో దగ్గారు. చిన్న దగ్గు. నోటికి చేయి అడ్డం పెట్టుకుని, క్లాసులో మేడం వింటుందేమోనని ఆపుకున్న దగ్గు.

తిరిగి చూడలేదు.

ఆముదం వాసన వచ్చింది.

తెర మీద మెసేజీ పెట్టె తెరుచుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఆ పిల్ల రాసే పద్ధతే. ఒక్కో అక్షరం నెమ్మదిగా... మండే వేళ్లతో కొడుతున్నట్టు...

మేడం.

మేడం, ఉన్నారా.

కిటికీ పక్కన, గుడ్డ కింద, కీబోర్డు టకటకమంటోంది. ఆ మిషన్‌కి కరెంటు తీగ కూడా తగిలించి లేదు.

నేను పాలకేంద్రం దగ్గరే ఉన్నాను మేడం.

ఆగింది. జ్యోతిర్మయి చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. తీయాలనుకుంది... రాలేదు. వేళ్ల చివర్లు మండుతున్నాయి. ముందు చురుక్కుమని, తర్వాత గోళ్ల కిందికి, మణికట్టు దాకా... పచ్చి మిరపకాయలు రోజంతా కోసిన మంట.

నాన్నకి మీరు చెప్పండి.

"చెప్తాను," అంది జ్యోతిర్మయి. పెదాలు మాత్రమే కదిలాయి.

దగ్గు ఆగిపోయింది. పచ్చచుక్క అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆమె సంజీవరావు గారి గదిలోకి పోయి వెంకటేశ్వరమ్మ చెప్పిందంతా చెప్పి, నిజం వాళ్లకి చెప్పేద్దామంది. దగ్గు సంగతి మాత్రం ఎత్తలేదు. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించారు. మనం ఏం చేశామని వాళ్లకి చెప్పుకుంటామమ్మా, కాలేజీ మూసుకోవాలి, ఇంతమంది ఆడపిల్లల చదువు పోదా అన్నారు. ఆడపిల్లల చదువు మీద ఆయనకున్న బెంగ అందరికీ తెలిసిందే. ఆ పేరుతోనే ప్రభుత్వం చేత స్థలం ఇప్పించుకున్నారు. పోయిన పిల్ల పేరు తీసెయ్, ఆ ఎస్సెమ్మెస్సులు కూడా ఆపేయించు, సరిపోతుందన్నారు.

తీసేసింది. శ్రీరమ్య పేరూ, రాసిన పరీక్షలూ, మూడుసార్లు అడిగిన ఆ ప్రశ్నా, అన్నీ పోయాయి. మెసేజీలు ఆపేసింది. టీసీ తయారైందా అని ఆఫీసులో అడిగితే, వెంకటేశ్వరమ్మకి ఒంట్లో బాగాలేదని, రేపు వస్తానని కబురు పెట్టిందన్నారు. టీసీ ఒకసారి చేతికిస్తే ఇక మహతి కాలేజీ ముఖం చూడదు. జ్యోతిర్మయి సాయంత్రం గుంటూరు బస్సు వదిలేసి ఆటో ఎక్కింది.

చెంచయ్య ఊరి చివర కల్లం దగ్గరే ఉన్నాడు. ఆరబోసిన కాయలు పొద్దుగుంకే వెలుగులో నేల మీద పరిచిన ఎర్రదుప్పటిలా ఉన్నాయి. తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ముఖాలకి కట్టుకున్న గుడ్డలు విప్పుకుంటూ ఇళ్లకి పోతున్నారు. వెంకటేశ్వరమ్మ గోనెపట్టా మీద కూర్చుని ఉంది. చెంచయ్య చేతిలో ఫోను ఉంది. దాన్ని రెండు చేతుల మధ్య, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

జ్యోతిర్మయి నిలబడే చెప్పింది. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ సాయంత్రాలు శ్రీరమ్య పేరుతో కంప్యూటర్లో ఉంది నేనండీ. కాలేజీలో నాతో చేయించారు. మీ అమ్మాయి పాలు పోయడానికే వెళ్లింది."

గాలికి కాయలు గలగలమన్నాయి.

"నే చెప్పలా?" అంది వెంకటేశ్వరమ్మ మొగుడితో. అరవలేదు. "పాలకే పోయిందని చెప్పలా? ఫోను మాట విన్నావు. పిల్ల మాట వినలా."

చెంచయ్య తల అడ్డంగా ఊపాడు. ఒప్పుకుంటే ఏం మిగులుతుందో అతనికి తెలుసు. ఏ పాపమూ ఎరగని కూతుర్ని కొట్టిన చేతులు మిగులుతాయి.

"కాదమ్మా. మీరు కాదు, మా పిల్లే," అన్నాడు. "ఇప్పుడూ వచ్చిద్ది, రోజూ ఈ వేళకి. చార్జింగు పోకుండా పెట్టుకుంటన్నా." తర్వాత ఇంకా చిన్నగా, బతిమాలుతూ అన్నాడు. "దాన్ని ఆపించబాకండి."

పొద్దున తనే ఆపేసిందని జ్యోతిర్మయి చెప్పబోయింది. అసలు ఆ పిల్ల పోయిన దగ్గర్నుంచీ తను ఆ పేరు ముట్టుకోలేదు. మరి రోజూ...

ఫోను టింగుమంది.

చెంచయ్య ముఖం వెలిగింది. ఆ ఒక్క క్షణం అతను చాలా చిన్నవాడిలా కనిపించాడు. మహతి లేదు, మీరే చదివి చెప్పండమ్మా అని ఫోను ఆమె చేతికిచ్చాడు.

జ్యోతిర్మయి చూసింది. ఇంగ్లీషులో ఒకే వాక్యం.

మీ అమ్మాయి మహతి ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంది.

ఇంటర్ పిల్లల్ని ఎల్.ఎం.ఎస్.లో చేర్చలేదు. మహతికి అందులో పేరే లేదు. జ్యోతిర్మయి మిషన్లన్నీ ఆపి, ల్యాబుకి తాళం వేసి, ఆ తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వచ్చింది.

"మహతి ఎక్కడికెళ్లింది?" అని అడిగింది.

"ఎక్కడికి పోద్ది," అంది వెంకటేశ్వరమ్మ. "పాలు పొయ్యటానికి పోయింది."

వేళ్ల చివర్లు మళ్లీ మండడం మొదలైంది. కల్లం అవతల చీకట్లో, కట్టేసిన గోతాల వెనక, ఎవరో నోటికి చేయి అడ్డం పెట్టుకుని దగ్గారు.

"చదవండమ్మా," అన్నాడు చెంచయ్య. "ఏమని వచ్చింది?"

"శ్రీరమ్య ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంది," అని చదివింది జ్యోతిర్మయి. చదివి, ఆ మెసేజీ తుడిచేసి ఫోను ఇచ్చేసింది.

ఆ వారమే వెంకటేశ్వరమ్మని ఒప్పించి మహతిని గుంటూరులో తనింటికి తెచ్చుకుంది. ఇంటర్ అయ్యేదాకా ఉంచుకుంది. ఉద్యోగం మాత్రం మానలేదు. కమిటీ వచ్చిన రోజున మిగతా అమ్మాయిలందరి పేర్లతో లాగిన్ అయింది జ్యోతిర్మయే.