గురువారం చప్పట్లు

గురువారం పొద్దున్నే విద్యావతి మళ్లీ కాకరకాయ రసం పట్టుకుని కూర్చుంది. కోడలు సంహితకు ఒళ్లు మండింది. మొన్న దిండు కింద జిలేబీ పొట్లం దాచిన మనిషే ఈమె!

"ఏందత్తమ్మా, గురువారమొస్తేనే షుగరు యాదికొస్తదా?"

"పరీక్ష ముంగట చదువుకోరా మరి?" అంటూ విద్యావతి ముక్కు మూసుకుని మరో గుక్క మింగింది.

వాళ్లుండే నాంపల్లి గల్లీ చివర కమ్యూనిటీ హాల్లో ప్రతి గురువారం ముసలివాళ్లకు ఉచితంగా బీపీ, షుగరు చూస్తారు. షుగరు అదుపులో ఉన్నవాళ్లను నర్సు ప్రణవి పేరు పెట్టి ముందుకు పిలిచి, అందరిచేతా చప్పట్లు కొట్టిస్తుంది. ఈమధ్య ఆ చప్పట్లన్నీ విద్యావతివే. అందుకోసం బుధవారం నుంచే పస్తు. హాలు దాటగానే బేకరీ.

సంహిత విసురుగా చాయ్ గిన్నె దించింది. పట్టు జారింది. కాగే చాయ్, నేల మీద కూర్చున్న అత్త పాదం మీద పడింది.

"అయ్యయ్యో!" అని సంహిత అరిచింది.

విద్యావతి కదల్లేదు. "చాయంత పాయె! ఇంట్ల పాలు గూడ లేవు," అంది.

సంహిత బకెట్టు లాక్కొచ్చి ఆ పాదాన్ని చన్నీళ్లలో పెట్టింది. మడమ కింద ఎప్పటిదో పుండు, నల్లబడి ఉంది.

"ఇదెప్పటిది?"

"ఏది?" విద్యావతి వంగి చూసి తెల్లబోయింది.

"నొప్పి గూడ తెలుస్తలేదా? కాలు పోతే గా చప్పట్లు తెచ్చి అతికిస్తరా? ఎవర్ని మోసం చేస్తున్నవత్తమ్మా?"

విద్యావతి పుండును కొంగుతో కప్పింది.

"మీ మామ పోయినంక నన్ను పేరు పెట్టి పిలిచినోళ్లు ఎవరే? ఇంట్ల 'జరుగు', 'లైటు ఆర్పు', గంతే కద. గాడ 'విద్యావతిగారూ' అంటరు. గా పిలుపు కోసం..."

సంహిత ఆబిడ్స్ చెప్పుల దుకాణంలో రోజంతా ఎవరెవరి పాదాలో పట్టుకుని కొలతలు చూస్తుంది. పక్కనే పడుకునే మనిషి కాలు ఒక్కనాడూ చూడలేదు.

ఆ రోజు కోడలితో హాలుకెళ్లిన విద్యావతి, ప్రణవి పిలవకముందే లేచింది. "నాకు చప్పట్లొద్దు బిడ్డా. పస్తులుండి మార్కులు తెచ్చుకున్న. గీ కాలు జర చూడు."

ప్రణవి మోకాళ్ల మీద కూర్చుని చూసింది. "ఇయ్యాలనే దవాఖానకు తీస్కపోవాలె. ఇంకా ఆలస్యం చేస్తే కష్టమైతది."

సంహిత దుకాణానికి ఫోన్ చేసి సెలవు చెప్పి, ఆటో ఆపింది. చేయి చాచింది.

"విద్యావతిగారూ, ఎక్కున్రి!"

"ఏందే, అత్తను పేరు పెట్టి పిలుస్తవా?" అని గద్దించింది విద్యావతి. కోడలి చేయి మాత్రం వదల్లేదు. కొంగుతో కళ్లొత్తుకుని, ఆటో కదిలాక మెల్లగా అంది: "ఇంకోసారి పిలువు."