దొరువు మధ్య దుప్పట్ల తెర

ముబీనా నాతో అన్న మొదటి మాట, "మీకు చెప్పడం రాదు సార్."

తెనాలిలో మా కంప్యూటర్ సెంటర్లో, ముప్ఫై మంది ముందు అంది. రేపల్లె పాసింజర్లో రోజూ వచ్చిపోయే అమ్మాయి, చేరి పట్టుమని మూడు రోజులు కాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరికేం రాదో పరీక్షలో తేలుతుంది లెండి" అన్నాను.

పరీక్షలో ఆమే ఫస్టు. పేపరు అందుకుంటూ, "చూశారా, మీరు చెప్పినా కూడా వచ్చేసింది" అని నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది.

ఆరు నెలలకి విషయం పెద్దవాళ్ల దాకా వెళ్లింది. మా అబ్బా నాగూర్ బాషా టైలరు. ముబీనా వాళ్ల నాన్న లాల్ అహమ్మద్ గారిది రేపల్లెలో సైకిల్ షాపు. ఇద్దరూ రెండుసార్లు కూర్చుని టీ తాగితే సంబంధం కుదిరిపోయింది. నాలాంటి తొందరపాటు మనిషికి ఇంత సుఖంగా ఏదైనా కుదిరిందంటే అప్పుడే అనుమానించాల్సింది. నాకంత తెలివి ఎక్కడిది?

మా అమ్మీకి మోకాళ్ల నొప్పులు. అందుకే వియ్యపురాళ్లు కాబోయే ఇద్దరూ ఇంకా ఒకరినొకరు చూసుకోలేదు. దానికి అబ్బా ఒక ఉపాయం చెప్పాడు. ఆదివారం రెండు కుటుంబాలూ వ్యాను మాట్లాడుకుని బాపట్ల దగ్గర, తన దగ్గర బట్టలు కుట్టించుకునే చలపతిరావు గారి జీడిమామిడి తోటకి వెళ్లడం, దొరువులో స్నానాలు చేయడం, మధ్యాహ్నం భోజనాల ముందు చక్కెరతో నోరు తీపి చేసుకుని సంబంధం ఖాయం అనుకోవడం. ఇది 2002 మే నెల. ఎండ మాడ్చేస్తోంది. అందరూ సరేనన్నారు.

దొరువంటే ఇసుకలో తవ్విన పెద్ద గుంట. అడుగు నుంచీ పక్కల నుంచీ ఊట ఊరుతూనే ఉంటుంది. సముద్రం రెండు మైళ్లే అయినా నీళ్లు తియ్యగా ఉంటాయి. చలపతిరావు గారి దొరువు పదిమంది ఈదేంత పెద్దది. మధ్యలో సరుగుడు కర్రలు పాతి, తాడు కట్టి, నాలుగు దుప్పట్లు వేలాడదీశాం. ఇవతల మగవాళ్లు, అవతల ఆడవాళ్లు. దుప్పట్ల అంచులు నీళ్లలో తేలుతున్నాయి.

నేను తెర పక్కకి చేరాను. మంచి ఈతగాడిలా మునుగుతూ తేలుతూ చేరాను గానీ, ఎందుకు చేరానో మా అబ్బాకి తెలుసు. ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

"ఈత వచ్చా సార్?" దుప్పటి అవతల నుంచి సన్నగా వినిపించింది.

"వచ్చండి."

"పాఠం చెప్పడం వచ్చినట్టే వచ్చా?"

"పెళ్లయ్యాక కూడా ఇలాగే వెక్కిరిస్తారా?"

"ఎవరి పెళ్లండీ?"

"అదేంటి, మనది."

"ఇంకా చక్కెర నోట్లో పడలేదు. అప్పటిదాకా మీరెవరో, నేనెవరో" అంటూ దుప్పటి కింద నుంచి నా ముఖం మీదకి నీళ్లు చిమ్మింది. ఆ నీళ్లు తుడుచుకోవాలనిపించలేదు. ఇంకో గంటలో ఈ అమ్మాయి నాదవుతుందనుకుంటే పట్టరాని సంతోషం వేసింది. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

అవతల గట్టు మీద అమ్మీ గొంతు వినిపించింది. ముబీనా వాళ్లమ్మ షంషున్నీసా గారితో చెబుతోంది.

"మీరు దిగండి వదినగారూ. నాకు నీళ్లంటే భయం. డెబ్భై ఏడు ఉప్పెన నుంచీ అంతే."

"అప్పుడు మీరెక్కడున్నారండీ?"

"మేమూ మీ రేపల్లెలోనే. ఈయన ఊళ్లో లేరు, ఇల్లు కూలిపోతే నన్నూ బిడ్డనీ బడిలో పెట్టారు. నాకు ఒళ్లెరగని జ్వరం, చుక్క పాలు లేవు. ఈ జహీరే, ఐదు నెలలవాడు, ఆకలికి ఏడ్చి ఏడ్చి నోరు కూడా తెరవలేకపోయాడంట. ఎవరో తల్లి రెండు రోజులు తన పాలిచ్చి బతికించింది. నాకు తెలివి వచ్చేసరికి గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాను. ఆమె పేరు కూడా తెలియదు."

షంషున్నీసా గారు చాలా మెల్లగా అడిగారు.

"ఆ బాబుకి కుడి చెవి ముందు సూదితో పొడిచినట్టు చిన్న రంధ్రం ఉండేదా?"

నా చెయ్యి దానంతటదే చెవి మీదకి వెళ్లింది.

"మాది అప్పట్లో నిజాంపట్నం. మమ్మల్నీ ఆ బడికే చేర్చారు" అన్నారు ఆవిడ. "పాలు తాగే నా పెద్దోణ్ణి నీళ్లు తీసుకుపోయి రెండు రోజులు. వాడు లేడు, పాలేమో ఆగట్లేదు. పక్కన ఎవరి బిడ్డో ఏడుస్తుంటే చూడలేక ఒళ్లోకి తీసుకున్నాను."

అమ్మీ కేక పెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు. ఇవతల నేనూ వెర్రివాడిలా నవ్వుతున్నాను. ఇంతకన్నా శుభశకునం ఏముంటుంది? అత్తగారు ముందే తల్లయిందన్నమాట!

"ముబీనా గారూ, విన్నారా? మీ ఇంటి ఉప్పు తినడం కాదు, ఏకంగా పాలే తాగాను" అన్నాను.

దుప్పటి అవతల ఆమె వెనక్కి జరిగినట్టు నీళ్లు కదిలాయి.

"ముబీనా గారూ?"

"సార్" అంది. ఆ గొంతులో వెక్కిరింపు లేదు. "మా అమ్మ పాలు తాగినవాళ్లు మాకు ఏమవుతారు?"

అప్పుడు తెలిసింది నాకు. మా మతంలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన విషయం. పాలిచ్చిన తల్లి తల్లే. ఆమె కన్నవాళ్లందరూ తోడబుట్టినవాళ్లే, వాళ్లతో పెళ్లి చెల్లదు. ముందు పుట్టినా, మూడేళ్ల తర్వాత పుట్టినా. కర్ర పట్టుకుని నిలబడ్డాను.

అవతల ఏడుపులు ఆగిపోయాయి. వాళ్లకీ తట్టిందన్నమాట.

అబ్బా, లాల్ అహమ్మద్ గారూ తడిబట్టలు మార్చుకుని బాపట్ల వెళ్లారు, మసీదులో ఇమాం సాబ్‌ను అడగడానికి. ఏదో ఒక దారి ఉంటుందనుకున్నాను. రెండు రోజులే కదా, తెలియక కదా, ఆపద కదా అని నాలో నేనే వాదించుకుంటూ ఇసుకలో అటూ ఇటూ తిరిగాను. గంటన్నరకి వాళ్లు తిరిగొచ్చారు. ముఖాలు చూస్తే అడగాల్సిన పని లేకపోయింది.

లాల్ అహమ్మద్ గారు నీళ్లలోకి దిగి తాడు విప్పారు. నాలుగు దుప్పట్లూ ఒకటొకటిగా పిండి గట్టు మీద వేశారు.

"ఇక వీళ్ల మధ్య ఇది దేనికి?" అన్నారు, ఎవరివంకా చూడకుండా.

అమ్మీ చెట్టు కింద కూలబడి ఉంది. "ఇరవై నాలుగేళ్లు ప్రతి నమాజులో అడిగాను రా. ఆ తల్లిని ఒక్కసారి కళ్లకి చూపించమని. చూపించాడు" అని గుండెలు బాదుకుంది. నేను ఓదార్చలేదు. ఓదార్చాలనిపించలేదు కూడా. ఆ నోరు ఈ ఒక్కరోజు మూసుకుని ఉంటే ఏం పోయిందని కోపం వచ్చింది.

షంషున్నీసా గారు చక్కెర పొట్లం విప్పుతూ నా దగ్గరికి వచ్చారు. "కూతురి కోసం తెచ్చాను నాయనా. కొడుకు దొరికాడు" అంటూ చిటికెడు నా నోట్లో పెట్టారు. ఆవిడ ఏడుస్తున్నారో సంతోషిస్తున్నారో ఆవిడకే తెలియడం లేదు. మింగలేక మింగాను.

"వెళ్లి మాట్లాడుకోండి. ఇప్పుడెవరూ ఏమీ అనరు" అన్నాడు అబ్బా.

దొరువు అంచున ముబీనా కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఆరు నెలల్లో మొదటిసారి, ఎవరి చాటూ లేకుండా.

"అందరం నోరు మెదపమని ఒట్టేసుకుంటే?" అన్నాను.

"నాకు తెలుసుగా సార్."

"రిజిస్టరు ఆఫీసు ఉంది కదండీ. గుంటూరు వెళ్లిపోదాం."

"సంతకం పెట్టగలను. ఆ తర్వాత మీరు దగ్గరికొస్తే మా అమ్మ ఒళ్లో బిడ్డే కనిపిస్తాడు. పోయిన మా అన్న చోట్లో పడుకున్న బిడ్డ. నావల్ల కాదు సార్." ఇసుక గుప్పెట్లోకి తీసుకుని వదిలేసింది. "నమ్మకం లేకుండా పుట్టుంటే బాగుండేది. ఉంది, ఏం చెయ్యను?"

"మీ అమ్మ ఆ రోజు నన్ను ఎత్తుకోకపోయుంటే?"

"బతికేవారు కాదు."

"బతక్కపోయినా బాగుండేది."

అలా అనకండి అంటుందని ఎదురుచూశాను. ఆమె తల వంచుకుని నీళ్లనే చూస్తోంది. ఎంతసేపు ఎదురుచూసినా ఆ మాట అనలేదు.

వ్యాను హారన్ కొట్టింది. ముబీనా లేచింది. నేను లేవలేకపోయాను. ఆమె కళ్లు తుడుచుకుని, వంగి చెయ్యి అందించింది. ఎన్నిసార్లు కలలో పట్టుకున్నానో ఆ చేతిని. చల్లగా, తడిగా, ఇసుక అంటుకుని ఉంది. పట్టుకుని లేచాను.

అబ్బా, అమ్మీ, లాల్ అహమ్మద్ గారు, షంషున్నీసా గారు అందరూ చూస్తున్నారు. ఒక్కరూ వద్దనలేదు.