తీగకు గుచ్చిన కాగితాలు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అలవాటు కొద్దీ వంటింటి గోడ వైపు చూసిన తల్లి అక్కడే నిలబడిపోయింది. మేకుకు వేలాడే కాగితాల తీగ లేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

“అమ్మాయీ, నా తీగేది?”

జడ అల్లుకుంటూ కూతురు వచ్చింది. ఊళ్లో పాత కాగితాల ఆఫీసులో ఆమెది భద్రపరిచే పని. చిరిగిన రసీదులు, సినిమా కరపత్రాలు, పెళ్లి కార్డులు ఆమె చేతిలో పడితే ఇంకో నూరేళ్లు బతుకుతాయని పేరు.

“నిన్న ఆఫీసుకు తీసుకెళ్లానమ్మా. తుప్పు పట్టి కాగితాల్ని తినేస్తోంది. అన్నీ శుభ్రం చేసి కవర్లలో పెట్టాను. బస్సు టిక్కెట్లు ఒకదాంట్లో, సినిమావి ఒకదాంట్లో, మందుల చీటీలు ఇంకోదాంట్లో.”

“నన్నడిగావా?”

“నీ మంచికేగా.”

“మీ చీటీలకు ఇనప బీరువా దొరికింది అత్తయ్యా. నాకు ఈ ఇంట్లో చొక్కా పెట్టుకోను ఒక్క అర లేదు,” అన్నాడు అల్లుడు, చల్లబరుద్దామని. ఎవరూ నవ్వకపోయేసరికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

“కవర్లు నాకేం చెప్తాయే? అక్షరం ముక్క రానిదాన్ని. పెళ్లయిన నాటి నుంచి మీ నాన్న జేబులో దొరికినవన్నీ దొరికిన వరసలో గుచ్చాను. కింద నుంచి వేలితో తడుముకుంటూ పోతే ఏది ఎప్పటిదో తెలిసేది. ఆయన పోయిన రోజు చొక్కా జేబులోది గుచ్చాక ఇంకొక్కటీ గుచ్చలేదు. ఆ వరసే నా కాపురం.”

కూతురి చేతిలో జడ ఆగిపోయింది. పరాయి ఇంటి నుంచి కట్ట వస్తే ముందు వరస రాసుకుని గానీ దారం విప్పదు తను. కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం చెప్పేదీ తనే. మన వంటింటిదే కదా అని, కటింగ్ ప్లేయరుతో తీగ కత్తిరించి బల్ల మీద దులిపేసింది.

ఆ మధ్యాహ్నం తల్లిని ఆఫీసుకు తీసుకెళ్లి, బల్ల ముందు కూర్చోబెట్టి కవర్లన్నీ విప్పింది. తల్లి ఒక్కొక్కటీ ముట్టుకుని పక్కన పేర్చసాగింది. వాన నీళ్లు కారే హాల్లో సగం చూసిన సినిమా. కూతురి మొదటి గౌనుకు దర్జీ ఇచ్చిన చీటీ. చివరికి రెండు బస్సు టిక్కెట్లు మిగిలాయి. ఒకే రంగు, ఒకే ఛార్జీ, తేదీ లేదు.

“వీటిలో ఒకటి, నువ్వు కడుపులో ఉండగా నేను అలిగి పుట్టింటికి పోతే ఆయన నాకోసం వచ్చిన రోజుది.”

“నువ్వు అలిగావా?”

“అలగనా మరి. కూరలో ఉప్పెక్కువైందని పక్కింటివాళ్ల ముందన్నాడు. వచ్చి గుమ్మంలో నిలబడి, నువ్వెళ్లాక ఇంట్లో దేనికీ ఉప్పు లేదన్నాడు.” ఆమె గొంతు తగ్గింది. “రెండోది, నీకు మూడో ఏట, అదే ఊరి ఆసుపత్రికి ఆయన వెళ్లిన రోజుది. తిరిగి చొక్కా ఒక్కటే వచ్చింది, జేబులో ఆ టిక్కెట్టుతో.”

కూతురు భూతద్దం తీసి చూసింది. తుప్పు మరకలుంటే ఏది ముందు గుచ్చిందో చెప్పేవేమో. వాటిని నిన్న తుడిచేసింది తనే.

“ఏది ఏదో ఇక తెలియదమ్మా. నేనే పాడుచేశాను.”

తల్లి రెండింటినీ చాలాసేపు అరచేతిలో పెట్టుకుంది.

“తీగ మీద చివరిదాని దగ్గరకొచ్చేసరికి వేలు ఆపేసేదాన్నే ఇన్నేళ్లూ. ముట్టుకోను ధైర్యం చాలేది కాదు. ఇప్పుడు ఏదని భయపడను? రెండూ నాకోసం వచ్చినవే అనుకుంటాను.”

కూతురు పెన్సిల్ తీసి రిజిస్టరులో ‘రెండు టిక్కెట్లు. వరస నా చేతిలో చెదిరింది’ అని రాసి, పైకి చదివింది. కళ్ల ముందు అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

“నీ తప్పు నువ్వే రాసుకోవడం ఎందుకే,” అంటూ తల్లి ఆమె చెంపలు చేత్తో తుడిచింది. “కాస్త పక్కకు జరుపు ఆ పుస్తకం, తడుస్తుంది.”